వరి చేలో శత్రు పురుగులకూ మిత్ర పురుగులకూ మధ్య సమతూకం నిలపడం ఎలా

వరి చేలో పురుగు కనబడగానే మందుల దుకాణానికి వెళ్ళడం మన పల్లెల్లో స్థిరపడిపోయిన అలవాటు. అక్కడ ఏ పురుగు పడిందని అడుగుతారే గాని, ఆ పురుగును తినేవి చేలో ఎన్ని ఉన్నాయని అడిగేవారు అరుదు. నిజానికి వరిని తినే పురుగులూ, ఆ పురుగులను తినే పురుగులూ ఒకే దుబ్బు మీద, ఒకదానినొకటి అదుపు చేసుకుంటూ బతుకుతాయి. ఈ రెండు పక్షాలలో ఏది పైచేయిగా ఉన్నదో చూసుకోకుండా చేసే పిచికారీ చాలాసార్లు మన పక్షాన ఉన్నవాటినే ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఈ సమతూకాన్ని ఎలా గుర్తించాలో, ఎలా లెక్కించాలో, ఎప్పుడు దాని మానాన దానిని వదిలివేయాలో, ఎప్పుడు మనం కలగజేసుకోవాలో నాట్లకు ముందు నుంచి కోత తర్వాత వరకు వివరిస్తాను.

పిచికారీ తర్వాత పురుగు ఎందుకు పెరుగుతుంది

ఒక్క పురుగు కూడా లేని చేను చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది గాని, అక్కడ సాలీడుకు తిండి ఉండదు. తిండి లేని చోట సాలీడు నిలవదు, గుడ్లు పెట్టదు. అటువంటి చేలోకి పక్క పొలం నుంచి, దుబ్బు మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమ వలస వస్తే దానిని ఆపగలిగే జీవి ఏదీ మిగిలి ఉండదు. అందువల్ల దిగుబడికి నష్టం కలిగించనంత కొద్ది సంఖ్యలో శత్రు పురుగులు చేలో ఉండటాన్ని మనం సహించడమే కాక, అవసరమైనదిగా గుర్తించాలి.

ఈ సంబంధాన్ని గణిత రూపంలో చూపినవారిలో ఇటలీకి చెందిన వీటో వోల్టెర్రా ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. ఆ సంవత్సరాలలో అక్కడి రేవుల మార్కెట్లకు వచ్చిన చేపలలో సొర వంటి వేటాడే జాతుల వాటా పెరిగిందని ఉంబెర్టో డాంకోనా అనే జీవశాస్త్రవేత్త గమనించారు. దానికి కారణం వెదుకుతూ వోల్టెర్రా 1926లో ప్రచురించిన సమీకరణాలలో మనకు పనికివచ్చే ఫలితం ఒకటి ఉంది. ఎరనూ, దానిని వేటాడే జీవినీ ఒకే తీరున చంపే దెబ్బ తగిలినప్పుడు సగటున ఎర సంఖ్య పెరుగుతుంది, వేటాడే జీవి సంఖ్య తగ్గుతుంది. సముద్రంలో ఆ దెబ్బ చేపల వల అయితే, మన చేలో అది అన్ని పురుగులనూ ఒకే గాటన చంపే మందు.

కాలిఫోర్నియా నారింజ తోటలను పాడుచేస్తున్న ఒక రకం పొలుసు పురుగును 1888, 1889 సంవత్సరాలలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన వెడాలియా అనే అక్షింతల పురుగు అదుపులోకి తెచ్చింది. ఆ అదుపు దశాబ్దాల పాటు నిలిచింది. 1940లలో డీడీటీ వచ్చిన తర్వాత దానిని చల్లిన తోటలలో అక్షింతల పురుగులు చనిపోయి, అదే పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది. వరిలో ఇదే అనుభవం ఇండోనేషియాకు ఎదురైంది. 1984లో బియ్యంలో స్వయం సమృద్ధి సాధించిన ఆ దేశం రెండేళ్ళు తిరగకుండానే సుడిదోమ వల్ల పెద్ద నష్టాన్ని చూసింది. 1986 నవంబరులో అక్కడి ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, క్రమంగా మందులపై రాయితీని ఎత్తివేసి, 1989 నుంచి రైతులకు పొలంలోనే పురుగులను గుర్తించడం, లెక్కించడం నేర్పే శిక్షణను పెద్ద ఎత్తున ప్రారంభించింది. మన దగ్గర పొలంబడి పేరుతో జరిగే శిక్షణకు మూలం అదే.

దీనికి వెనుక ఉన్న కారణం కాలవ్యవధిలో ఉంది. సుడిదోమ ఒక తరం పూర్తి చేయడానికి 25 నుంచి 30 రోజులు చాలు. ఒక్కొక్క ఆడదోమ వందల గుడ్లను ఆకు తొడిమ కణజాలం లోపల పెడుతుంది. మందు ఆ గుడ్లను అంతగా తాకదు. తోడేలు సాలీడు గుడ్డు నుంచి పెద్దది కావడానికి నెలలు పడుతుంది. ఒకే పిచికారీకి రెండూ చనిపోయాయనుకుంటే, వారం పది రోజులలో ఆకు తొడిమ నుంచి కొత్త దోమలు బయటికి వస్తాయి, సాలీళ్ళు మాత్రం ఆ పంటకాలంలో తిరిగి కోలుకోలేవు. మందు కొట్టిన తర్వాత దోమ ఇంకా పెరిగిందని, మందు కల్తీదని రైతులు అనుకునే సందర్భాలలో కొన్నింటికైనా అసలు కారణం ఇదే.

నాట్లకు ముందు చేయవలసినవి

విత్తనం ఎంచుకున్న రోజునే సమతూకంలో సగం నిర్ణయమైపోతుంది. మార్టేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన విజేత (ఎంటీయూ 1001), కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) సుడిదోమను కొంతవరకు తట్టుకుంటాయి. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి (బీపీటీ 5204) అన్నం నాణ్యతలో పేరుపడ్డ రకమే అయినా దోమకు తొందరగా లొంగిపోతుంది. తట్టుకునే రకం మీద దోమ పూర్తిగా రాకుండా పోదు, పెరిగే వేగం తగ్గుతుంది. అప్పుడు అదే సంఖ్యలో ఉన్న సాలీళ్ళు దానిని అదుపు చేయగలుగుతాయి. దోమ తరచుగా వచ్చే ప్రాంతంలో సాంబ మసూరి వేయదలచినవారు ఈ కింద చెప్పే లెక్కలను మరింత తరచుగా చూసుకోవాలి.

నారు పీకిన తర్వాత కొనలను తుంచి నాటండి. కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాలు ఎక్కువగా ఆకు కొన దగ్గరే ఉంటాయి. తుంచిన కొనలను కాల్చివేయకుండా, వెదురు తడికలతో చేసిన చిన్న బుట్టలో వేసి పొలం గట్టున పెట్టండి. ఆ గుడ్లలో కొన్నింటిలో ఇప్పటికే పరాన్నజీవి కందిరీగలు (శత్రు పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కీటకాలు) పెరుగుతూ ఉంటాయి. అవి ఎగిరి పొలంలోకి చేరతాయి, గొంగళి పురుగులు మాత్రం తిండి లేక బుట్టలోనే చనిపోతాయి.

నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు వదలాలి. గాలి, వెలుతురు దుబ్బు మొదళ్ళకు చేరితే సుడిదోమకు ఇష్టమైన తేమ వాతావరణం తగ్గుతుంది. నేల పోతుందని కాలిబాటలు వదలని రైతులు చాలామంది ఉన్నారు. కాని పురుగులను లెక్కించడానికి, అవసరమైతే మందును మొదళ్ళకు చేర్చడానికి కూడా ఆ బాటలే దారి కాబట్టి వాటిని వదలడం వల్ల నష్టం లేదని నా గట్టి అభిప్రాయం.

గట్ల మీద అలసంద, మినుము, నువ్వులు, బంతి వంటివి వేయండి. గుడ్లను ఆశించే చిన్న కందిరీగలకు పూల తేనె, పుప్పొడి ఆహారం. గట్లను గడ్డిమందుతో మాడ్చివేయడం మానాలి, ఎందుకంటే నాట్ల సమయంలో దమ్ము చేసినప్పుడు సాలీళ్ళు తలదాచుకునేది ఆ గట్ల గడ్డిలోనే.

మొదటి నలభై రోజులు: చేయకూడని పనులు

నాటిన తొలి వారాలలో చేలో వరి పురుగులు తక్కువగా ఉంటాయి. ఆ సమయంలో సాలీళ్ళు ఏమి తిని బతుకుతాయన్న ప్రశ్నకు 1990లలో జావా పొలాలలో జరిగిన పరిశోధనలు జవాబు చెప్పాయి. కుళ్ళుతున్న సేంద్రియ పదార్థాన్ని తిని పెరిగే చిన్న చిన్న ఈగలూ, నీటి మీద తేలియాడే సూక్ష్మ కీటకాలూ మొదటి నెలలో విపరీతంగా పెరుగుతాయి. ఇవి వరికి ఏ హానీ చేయవు. సాలీళ్ళు, నీటి మీద నడిచే నల్లులు వీటిని తిని సంఖ్యను పెంచుకుంటాయి, దోమ వచ్చే నాటికి సిద్ధంగా ఉంటాయి. దమ్ములో పశువుల ఎరువు, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట కలియదున్నిన పొలంలో ఈ తిండి సమృద్ధిగా ఉంటుంది.

నాటిన రెండు మూడు వారాలకు ముందుజాగ్రత్త పేరుతో పురుగుమందు గుళికలు చల్లడం, ఆకుముడత (ఆకును ముడిచి లోపల తినే పురుగు) కనబడగానే పిచికారీ చేయడం ఈ మొత్తం ఏర్పాటును మొదట్లోనే కూలదోస్తాయి. పిలక దశలో ఆకులు కొంత పాడైనా వరి కొత్త ఆకులు, కొత్త పిలకలతో పూడ్చుకోగలదు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1994 నుంచి తొలి దశ పిచికారీ మానమని రైతులకు విస్తృతంగా ప్రచారం చేశారు. అక్కడి రైతులు తమ పొలంలోనే ఒక ముక్కను మందు లేకుండా వదిలి, దిగుబడి పోల్చి చూసుకుని నమ్మారు. మీకు సందేహం ఉంటే మీరు కూడా అలాగే ఒక మడిని విడిగా వదిలి చూడవచ్చు.

యూరియా విషయంలో ఒక్క మాట. సిఫారసు చేసిన నత్రజనిని దమ్ములో, దుబ్బు చేసే దశలో, వెన్ను ఏర్పడటం మొదలయ్యే అంకురం దశలో మూడు దఫాలుగా వేయాలి. అదనంగా వేసిన యూరియా పైరును ముదురు ఆకుపచ్చగా, మెత్తగా చేస్తుంది. అటువంటి పైరు రసం తాగిన ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, ఎక్కువ పిల్లలు బతుకుతాయి. అంటే మన చేతితోనే ఒక పక్షానికి బలం పోసినట్టు అవుతుంది.

వారం వారం లెక్క తీసే పద్ధతి

నాటిన 15 నుంచి 20 రోజులకు మొదలుపెట్టి గింజ గట్టిపడే వరకు వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం 7 నుంచి 9 గంటల మధ్య చేలోకి వెళ్ళండి. ఎండ ఎక్కిన తర్వాత చాలా పురుగులు నీడకు, మొదళ్ళకు దిగిపోతాయి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, తెల్లటి పళ్ళెం, మూత ఉన్న నాలుగైదు గాజు సీసాలు దగ్గర ఉంటే చాలు.

ఎకరంలో గట్టుకు దూరంగా ఐదు చోట్లను ఒక మూల నుంచి ఎదుటి మూల వరకు అడ్డంగా నడుస్తూ ఎంచుకోవాలి. ప్రతి చోట నాలుగు దుబ్బుల చొప్పున మొత్తం 20 దుబ్బులు చూడాలి. పైరు బాగా ఉన్న చోటనే చూడటం, లేదా పాడైన చోటనే చూడటం రెండూ తప్పుడు లెక్కనే ఇస్తాయి. దుబ్బు దగ్గరికి నెమ్మదిగా చేరి, ముందు పై ఆకులను కదిలించకుండా చూడండి. తూనీగలు, సూది తూనీగలు, ఆకు వెంబడి కాళ్ళు ముందుకూ వెనుకకూ చాచి గీతలా పడుకునే పొడుగు కాళ్ళ సాలీళ్ళు అప్పుడే కనబడతాయి. తర్వాత నడిమి ఆకులలో అక్షింతల పురుగులు, వాటి పిల్ల పురుగులు, ముడుచుకున్న ఆకులు, గుడ్ల సముదాయాలు చూడాలి. చివరగా దుబ్బును పక్కకు వంచి, మొదట్లో తెల్ల పళ్ళెం పెట్టి రెండు మూడు సార్లు అరచేతితో తట్టాలి. నీరు ఉన్న చేలో అయితే నీటి మీద పడినవాటినే లెక్కించవచ్చు.

పళ్ళెంలో పడిన వాటిని గుర్తించడం మొదట్లో కష్టంగా ఉంటుంది. గోధుమ రంగులో బియ్యపు గింజలో సగం కూడా లేకుండా, తాకితే పక్కకు గెంతేవి సుడిదోమలు. వెన్ను మీద రెండుగా చీలిన గీత ఉండి, వల అల్లకుండా నీటి మీద కూడా పరుగెత్తేది తోడేలు సాలీడు. ఆడ సాలీడు గుడ్ల సంచిని వెనుక భాగానికి అంటించుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికి వచ్చాక వాటిని వీపు మీద మోస్తుంది. పెద్ద సాలీడు రోజుకు 5 నుంచి 15 వరకు పురుగులను తినగలదు. ఈ జాబితాలో ఎక్కువ అన్యాయానికి గురయ్యేది మిరిడ్ నల్లి. లేత ఆకుపచ్చ శరీరం మీద నల్లని గుర్తులతో ఉండే ఈ చిన్న పురుగును చూసి పచ్చదోమ పడిందని భయపడి మందు కొట్టేవారు ఉన్నారు. పచ్చదోమ బొద్దుగా, తోక వైపు సన్నబడి, తాకితే గెంతుతుంది. మిరిడ్ నల్లికి మీసాలు పొడుగ్గా, కాళ్ళు సన్నగా ఉంటాయి, అది కాండం మీద గబగబా నడుస్తూ ఆకు తొడిమలో దోమ గుడ్లను వెదుకుతుంది. గుడ్లను లోపలి నుంచే పీల్చేసే ఈ పురుగు సుడిదోమకు ప్రధాన శత్రువు.

ఏది దేనిని తింటుందో పుస్తకంలో చదివిన దానికంటే సీసాలో చూసినది మనసుకు పట్టుకుంటుంది. శుభ్రమైన గాజు సీసాలో మొదళ్ళతో సహా రెండు వరి పిలకలు, వాటి మీద పది దోమలు, ఒక తోడేలు సాలీడు వేసి పలుచని గుడ్డతో మూతి కట్టి నీడన పెట్టండి. మర్నాడు ఉదయం మిగిలిన దోమలను లెక్కపెట్టండి. ఏ పురుగు శత్రువో మిత్రుడో తెలియనప్పుడు కూడా ఇదే పరీక్ష చేయవచ్చు: దానిని వరి పిలకతో ఒక సీసాలో, దోమలతో మరొక సీసాలో ఉంచితే అది ఆకును తింటున్నదా, దోమను తింటున్నదా అన్నది తేలిపోతుంది. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు ఉంటే ఈ పనిని వారికి అప్పగించండి, వారు మనకంటే శ్రద్ధగా చూస్తారు.

నోటు పుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ పక్క శత్రు పురుగుల సంఖ్య, కుడి పక్క మిత్ర పురుగుల సంఖ్య రాయాలి. కింద పైరు వయసు, పిలకల సంఖ్య, నీటి మట్టం, వాతావరణం, ఆ వారం వేసిన ఎరువు రాయాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ బోధించే సాధారణ సూత్రం ప్రకారం రెండు శత్రు పురుగులకు ఒక మిత్ర పురుగు చొప్పున ఉంటే మందు అవసరం లేదు.

ఉదాహరణకు 20 దుబ్బులలో 160 దోమలు, వాటికి ఎదురుగా 50 మిరిడ్ నల్లులు, 24 సాలీళ్ళు, 6 అక్షింతల పురుగులు కనిపించాయనుకుందాం. దుబ్బుకు 8 దోమలు, మిత్రులు మొత్తం 80, నిష్పత్తి సరిగ్గా రెండుకు ఒకటి. ఈ వారం ఆగి చూడవచ్చు. వచ్చే వారం దోమలు 220కి పెరిగి, మిత్రులు 130కి పెరిగితే దోమ పెరిగినట్టు కనిపించినా నిష్పత్తి మెరుగుపడింది, కాబట్టి చేనుకు కావలి ఉన్నట్టే. మరొక చేలో దోమలు 300, మిత్రులు 40 ఉంటే దుబ్బుకు 15 దోమలు, నిష్పత్తి ఏడున్నరకు ఒకటి. అక్కడ ఆగకూడదు. ఒక్క వారం అంకెకంటే రెండు మూడు వారాల అంకెలు ఏ దిశగా నడుస్తున్నాయన్నది ముఖ్యం. సమతూకం ఒక చోట ఆగి ఉండే స్థితి కాదు. అది ఎప్పుడూ కొద్దిగా ఇటూ అటూ కదులుతూనే ఉంటుంది, ఆ కదలికను గమనించడమే మన పని.

ఈ లెక్కలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏ శత్రువుకు ఏ మిత్రుడు ఎదురు నిలుస్తాడో చూసి వాటిని మాత్రమే జతచేయాలి. కాండం లోపల ఉన్న గొంగళి పురుగును తూనీగ తినలేదు. చేలో తూనీగలు తిరుగుతున్నాయి కాబట్టి మొవ్వు చావు (ఆ గొంగళి పురుగు తొలవడం వల్ల పిలక నడిమి ఆకు ఎండిపోవడం) తగ్గుతుందనుకోవడం పొరపాటు.

కాండం తొలుచు పురుగు లెక్క వేరు

ఈ పురుగు ఒకసారి కాండంలోకి వెళితే మిత్ర పురుగులకూ అందదు, చాలా మందులకూ అందదు. దానిని గుడ్డు దశలోనే పట్టుకోవాలి. ఆకు కొనల దగ్గర గోధుమ రంగు నూగుతో కప్పిన గుడ్ల సముదాయాలను పది వరకు ఆకుతో సహా కోసి, ఒక్కొక్కటి విడిగా సీసాలో వేసి గుడ్డ కట్టి ఉంచండి. వారం పది రోజులలో కొన్నింటి నుంచి నల్లటి తల ఉన్న చిన్న గొంగళి పురుగులు, కొన్నింటి నుంచి ఆవగింజకంటే చిన్నవైన కందిరీగలు వస్తాయి. సగానికి మించి కందిరీగలే వచ్చిన చేలో నేను మందు సలహా ఇవ్వను. వచ్చిన కందిరీగలను చేలోనే వదిలేయాలి.

కందిరీగలు తక్కువగా ఉన్నట్టు తేలితే బయటి నుంచి తెచ్చి వదలవచ్చు. ట్రైకోగ్రామా జపానికం అనే కందిరీగ లోపల పెరుగుతున్న గుడ్లను అంటించిన కార్డులను నాటిన 30 రోజుల నుంచి వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు సార్లు, ఎకరాకు ఒక్కొక్కసారి 40 వేల గుడ్ల చొప్పున, కార్డును ముక్కలు చేసి సాయంత్రం వేళ ఆకుల అడుగున పిన్ను చేయాలి. ఆకుముడతకు ట్రైకోగ్రామా కిలోనిస్ వాడతారు. కార్డులు పెట్టడానికి ముందూ తర్వాతా వారం రోజుల పాటు రసాయన పురుగుమందు ఏదీ కొట్టకూడదు, కొడితే కార్డుకు పెట్టిన డబ్బు వృథా.

ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను ఆకర్షించేవి) పెడితే రెక్కల పురుగుల రాకపోకలు తెలుస్తాయి. బుట్టకు వారానికి 25 నుంచి 30 మగ పురుగులు పడితే అప్రమత్తం కావాలి. పిలక దశలో చనిపోయిన మొవ్వుల శాతం కూడా చూడాలి. 20 దుబ్బులలో మొత్తం 300 పిలకలు ఉండి, అందులో 12 మొవ్వులు ఎండి, లాగితే సులభంగా ఊడి వస్తే అది 4 శాతం. 5 శాతం, లేదా చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం దాటినప్పుడే నివారణ గురించి ఆలోచించాలి. దీపపు ఎరల విషయంలో జాగ్రత్త అవసరం, వాటికి మిత్ర పురుగులు కూడా వచ్చి చనిపోతాయి. రాత్రంతా వెలిగించి ఉంచకుండా, పొద్దుగూకిన తర్వాత రెండు మూడు గంటలు మాత్రమే వెలిగించి పురుగుల రాకను తెలుసుకోవడానికే వాడాలి.

మందు తప్పనిసరి అయినప్పుడు

పిలకలు వేసే దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తర్వాత 20 నుంచి 25 సుడిదోమలు ఉండి, మిత్ర పురుగుల నిష్పత్తి పడిపోతూ ఉంటే వేచి చూడటం మంచిది కాదు. దోమపోటు, అంటే దోమ రసం పీల్చడం వల్ల పైరు ఎండిపోవడం, చేలో గుండ్రటి మచ్చలుగా మొదలై కొద్ది రోజులలోనే మడి మొత్తాన్ని ఎండబెట్టగలదు. ప్రకృతి మీద నమ్మకంతో అటువంటి సమయంలో చేతులు కట్టుకుని కూర్చోమని ఎవరు చెప్పినా వినకండి.

మొదటి పని నీరు తీసివేయడం. మూడు నాలుగు రోజులు చేను ఆరితే మొదళ్ళలో తేమ తగ్గి దోమ పెరుగుదల మందగిస్తుంది. ఈనిక సమయంలో మాత్రం పైరు బెట్టకు గురికాకుండా చూసుకోవాలి. యూరియా ఇంకా వేయవలసి ఉంటే ఆపాలి. దోమ ఇంకా హద్దు దాటని దశలో గుడ్లు పెట్టకుండా చేయడానికి 5 శాతం వేప గింజల కషాయం వాడవచ్చు. దానికి 5 కిలోల గింజల పొడిని గుడ్డలో మూటకట్టి నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, 100 లీటర్లకు చేర్చాలి.

రసాయన మందు కొట్టవలసి వస్తే, దోమకు ప్రత్యేకంగా పనిచేస్తూ సాలీళ్ళకు, మిరిడ్ నల్లులకు తక్కువ హాని చేసేదానిని ఎంచుకోవాలి. దోమ పిల్లలు కుబుసం విడవకుండా చేసే బుప్రోఫెజిన్, దోమ రసం పీల్చడాన్ని ఆపే పైమెట్రోజిన్ అటువంటివి. డబ్బా మీద ముద్రించిన మోతాదును మించవద్దు, స్థానిక వ్యవసాయ అధికారిని సంప్రదించి వాడండి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరెత్రాయిడ్లను సుడిదోమ ఉన్న చేలో ఏ పురుగు కోసమూ కొట్టకూడదు. అవి మిత్ర పురుగులను ఊడ్చేసి దోమ ఉధృతిని పెంచుతాయన్నది వరి సాగు చేసే అనేక దేశాలలో రుజువైన విషయం. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టే అలవాటు కూడా ఇదే కోవలోనిది.

ద్రావణం మొదళ్ళకు తగిలేలా కాలిబాటలలో నడుస్తూ కొట్టాలి. దోమ మచ్చగా ఒక మూల కనిపించినప్పుడు ఆ మచ్చకూ, దాని చుట్టూ నాలుగైదు మీటర్ల వరకూ కొట్టి మిగిలిన చేనును వదిలేయడం ఉత్తమం. వదిలిన భాగంలోని సాలీళ్ళు నెమ్మదిగా ఈ భాగంలోకి తిరిగి వస్తాయి. పిచికారీ జరిగిన నాలుగో రోజున, పదో రోజున మళ్ళీ లెక్క తీయాలి. నాలుగో రోజు అంకె మందు ఎంత చంపిందో చెబుతుంది, పదో రోజు అంకె ఆకు తొడిమలోని గుడ్ల నుంచి ఎన్ని వచ్చాయో, వాటిని తినేవి ఎన్ని మిగిలాయో చెబుతుంది. రెండో అంకె చూడకుండా రెండో పిచికారీ చేయకండి.

ఒక్క రైతు ఈ పద్ధతిని పాటించి చుట్టూ ఉన్నవారు పాటించకపోతే ఫలితం తగ్గుతుంది, ఎందుకంటే దోమకు గట్లు అడ్డం కావు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003లో పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకోగలిగిందంటే, పత్తి, మిరప పండించే ఊరంతా కలిసి నిర్ణయించుకోవడం వల్లనే. ఊరంతా కుదరకపోయినా ఒకే కాలువ కింద పక్కపక్కన ఉన్న పది మంది కలిసి ఒకే వారంలో నాట్లు వేసి, ఒకే రోజున లెక్కలు తీసి, అంకెలను పోల్చుకుంటే చాలు.

కోత తర్వాత

కోత కోసిన వెంటనే చేలో ఉన్న సాలీళ్ళకూ, నేల పెంకుపురుగులకూ నీడ పోతుంది. గడ్డిని తగలబెడితే అవి కూడా బూడిద అవుతాయి, మరుసటి పంటకు మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. కొన్ని గడ్డి కట్టలను గట్ల వెంట అక్కడక్కడ నిలబెట్టి ఉంచితే ఆ మిత్ర పురుగులు వాటిలో చేరతాయి. కాండం తొలుచు పురుగు ఉధృతంగా ఉన్న చేలో మాత్రం మోళ్ళను నేలకు దగ్గరగా కోసి కలియదున్నాలి, ఎందుకంటే దాని గొంగళి పురుగులు, ప్యూపాలు మోళ్ళలోనే దాగి ఉంటాయి. దాళ్వా (రెండో పంట) నారుమడి వేయడానికి రెండు రోజుల ముందు గట్టు మీది గడ్డి కట్టలను విప్పి, నారుమడి చుట్టూ పలుచగా పరచండి. నోటు పుస్తకంలో కొత్త పేజీకి పైన గత పంటలో దోమ మొదట కనిపించిన తేదీ, అప్పటి మిత్ర పురుగుల సంఖ్య రాసి పెట్టుకోండి. ఈసారి ఆ తేదీకి పది రోజుల ముందు నుంచి వారానికి రెండుసార్లు లెక్క తీయాలి.